తగ్గిన కడుపుతో కొత్త కాపురం

బరువు తగ్గించే శస్త్రచికిత్స అనగానే పొట్ట మీద పేరుకున్న కొవ్వును తీసివేస్తారన్న అభిప్రాయం ఇప్పటికీ చాలామందిలో ఉంది. ఆ పని చేసేది లైపోసక్షన్, దాని ఉద్దేశం వేరు. వైద్యులు బేరియాట్రిక్ సర్జరీ అని పిలిచే చికిత్సలో కత్తి కొవ్వు జోలికి పోదు. అది జీర్ణాశయం పరిమాణాన్ని, కొన్ని పద్ధతుల్లో దానితోపాటు చిన్నపేగులో ఆహారం నడిచే దారిని కూడా మార్చివేస్తుంది. ఆ మార్పు వల్ల ఆకలి, తృప్తి, పోషకాలు ఒంటబట్టే తీరు, మందులు పనిచేసే తీరు అన్నీ కొత్త లెక్కలోకి వస్తాయి, కొవ్వు ఆ తరువాత నెలల తరబడి కరుగుతూ పోతుంది.

ఈ తేడా తెలిసినవారికి మరొక సంగతి సులభంగా అర్థమవుతుంది. శస్త్రచికిత్స తరువాత వచ్చే ఇబ్బందుల్లో చాలా భాగం చికిత్స బెడిసికొట్టినందువల్ల వచ్చేవి కావు, అది పనిచేస్తున్నందువల్లనే వచ్చేవి. కడుపు చిన్నదైనందుకే బరువు తగ్గుతుంది, కడుపు చిన్నదైనందుకే తొందరగా తింటే వాంతి అవుతుంది, పేగు దారి మారినందుకే చక్కెర అదుపులోకి వస్తుంది, ఆ దారి మారినందుకే ఇనుము ఒంటబట్టదు. అందువల్ల వీటిలో ఎక్కువ వాటిని ముందే ఊహించవచ్చు, ఊహించినవాటికి వంటగదిని, మందుల పెట్టెను, ఇంట్లోవారిని ఆపరేషన్ తేదీకి ముందే సిద్ధం చేయవచ్చు. ఆస్పత్రిలో గడిపేది కొద్ది రోజులే అయినా, అసలు చికిత్స నడిచేది ఇంట్లో.

ఫలితమూ ఇబ్బందీ ఒకే మార్పు నుంచి వస్తాయన్న సూచన ఈ చికిత్స పుట్టుకలోనే ఉంది. కడుపులో పుండ్లకు జీర్ణాశయంలో కొంత భాగం తీయించుకున్నవారు చిక్కిపోయి, మళ్లీ బరువు పెరగలేకపోవడాన్ని వైద్యులు ఒకప్పుడు ఆ ఆపరేషన్ తెచ్చిపెట్టిన చేటుగానే చూసేవారు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన శస్త్రవైద్యుడు ఎడ్వర్డ్ మేసన్ ఆ చేటునే స్థూలకాయానికి మందుగా మలచి, 1966లో తొలి గ్యాస్ట్రిక్ బైపాస్ చేశాడు. దాదాపు ముప్పయ్యేళ్ల తరువాత, 1995లో, శస్త్రవైద్యుడు వాల్టర్ పోరీస్ బృందం తాము బైపాస్ చేసిన మధుమేహ రోగుల్లో అత్యధికులకు రక్తంలో చక్కెర మామూలు స్థాయికి దిగివచ్చిందనీ, బరువు పెద్దగా తగ్గకముందే, ఆపరేషన్ జరిగిన కొద్ది రోజులకే ఆ మార్పు కనబడిందనీ ప్రకటించింది. అప్పటినుంచి దీన్ని కేవలం బరువు తగ్గించే ఉపాయంగా కాక, ఒంట్లోని హార్మోన్ల నడకను మార్చే చికిత్సగా చూడడం బలపడింది.

నేడు ఎక్కువగా చేసేవి రెండు రకాలు. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో దాదాపు ముప్పాతిక భాగాన్ని, అంతకు కొంచెం ఎక్కువనే, నిలువునా కత్తిరించి తీసివేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా మిగులుస్తారు. ఆకలి పుట్టించే ఘ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది తీసివేసిన ఆ భాగంలోనే కనుక, తొలి నెలల్లో చాలామందికి ఆకలి అన్న ఊసే ఉండదు. జపాన్ పరిశోధకులు ఘ్రెలిన్‌ను 1999లో మాత్రమే గుర్తించారు, అంటే బైపాస్ ఎందుకు పనిచేస్తోందో పూర్తిగా తెలియక ముందే వైద్యులు దాన్ని మూడు దశాబ్దాలుగా చేస్తూ వచ్చారన్నమాట. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన 30 మిల్లీలీటర్ల ప్రాంతంలో చిన్న సంచిని మాత్రమే వాడుకలో ఉంచి, దాన్ని నేరుగా చిన్నపేగు దిగువ భాగానికి కలుపుతారు. మిగిలిన జీర్ణాశయం, ఆంత్రమూలం అని పిలిచే చిన్నపేగు మొదటి భాగం ఒంట్లోనే ఉంటాయి గాని ఆహారం వాటి గుండా పోదు. ఒకే అతుకుతో చేసే మినీ బైపాస్ దీనికి దగ్గరి చుట్టం. ఛాతీలో మంట, పులితేన్పులు ముందునుంచే ఉన్నవారికి స్లీవ్ ఆ బాధను పెంచే అవకాశం ఉంది కనుక, రకాన్ని ఎంచుకోవడం దగ్గరే తరువాతి ఇబ్బందుల్లో కొన్ని నిర్ణయమైపోతాయి. ఖర్చు ఎంత అని అడిగేముందు తనకు ఏ రకం, ఎందుకు అని రోగి అడగవలసి ఉంటుంది.

ఎవరికి, ఎప్పుడు

కిలోల్లోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్యను బీఎంఐ అంటారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 1991లో ఈ శస్త్రచికిత్సకు బీఎంఐ 40 ఉండాలని, మధుమేహం వంటి జబ్బులు తోడైతే 35 చాలునని గీటు గీశాయి. తక్కువ బరువుకే మధుమేహం, గుండెజబ్బు మీద పడే భారతీయుల శరీర స్వభావం చూసి ఇక్కడి నిపుణులు ఆ గీటును 37.5కు, జబ్బులు తోడైతే 32.5కు దించారు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న వ్యక్తికి ఆ లెక్కన 96 కిలోలు, 83 కిలోలు వస్తాయి. ఆరోగ్య బీమా పాలసీల నిబంధనలు మాత్రం 40, 35 దగ్గరే నిలిచి, ఇతర పద్ధతులు విఫలమైనట్టు చూపమని కూడా అడుగుతాయి. వైద్యుడు అర్హులన్న రోగిని బీమా సంస్థ అనర్హులనడానికి కారణం చాలాసార్లు ఈ అంకెల తేడాయే కనుక, ముందస్తు అనుమతి కోసం రాయవలసినవి రాయించుకోవడం కూడా సన్నాహంలో భాగమే.

ఒంటి సన్నాహం రెండు మూడు వారాల ముందు మొదలవుతుంది. స్థూలకాయుల్లో కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం జీర్ణాశయాన్ని కప్పి ఉంటుంది కనుక, పిండిపదార్థాలు బాగా తగ్గించి, ప్రోటీన్ ఎక్కువగా ఉండే ఆహారం ఇస్తే కాలేయం కుంచించుకుని, పొట్ట మీద చిన్న రంధ్రాల గుండా చేసే లాప్రోస్కోపీకి దారి సులువవుతుంది. ఈ పథ్యాన్ని ఉల్లంఘించి ఆపరేషన్‌కు ముందు ఆఖరిసారి అంటూ బిర్యానీ విందు చేసుకోవడం చాలామంది చేసే పొరపాటు. గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగేవారిని గుర్తించి వారికి ముందే యంత్రం అమర్చడం, పొగతాగడం మాన్పించడం, ఎండోస్కోపీతో కడుపు లోపల పుండ్లూ వాపూ లేవని చూడడం, డి విటమిన్, బి12, ఇనుము ఎంత ఉన్నాయో పరీక్షించడం కూడా అప్పుడే జరగాలి. శాకాహారుల్లో బి12, ఆడవారిలో ఇనుము ముందే అడుగంటి ఉండడం ఇక్కడ సర్వసాధారణం. ఖాళీ గాదెతో కరువులోకి అడుగుపెట్టినట్టు ఆ లోటుతోనే ఆపరేషన్ బల్ల ఎక్కితే, తరువాత దాన్ని పూడ్చడం రెండింతలు కష్టం.

మొదటి నెల

అనుభవమున్న కేంద్రాల్లో ఈ శస్త్రచికిత్స ప్రమాదం నేడు పిత్తాశయం తొలగించే ఆపరేషన్ ప్రమాదంతో పోల్చదగినంత తక్కువ. అయినా మొదటి వారాల్లో రెండింటిని ఏమరకూడదు. కుట్లు వేసిన చోట కారడం అరుదైనా తీవ్రమైనది. దాని తొలి గుర్తు కడుపునొప్పి కాకుండా, విశ్రాంతిలో ఉన్నా నాడి నిమిషానికి 120 దాటి పరుగెత్తడం కావచ్చు, జ్వరం, ఆయాసం, ఎడమ భుజంలో నొప్పి తోడు కావచ్చు. రెండవది కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి అది ఊపిరితిత్తులకు చేరడం. ఆపరేషన్ జరిగిన రోజు సాయంత్రమే లేపి నడిపించడం, కొందరికి ఇంటికి వచ్చాక కూడా రక్తం పలుచబరిచే ఇంజెక్షన్లు కొనసాగించడం దీనికోసమే. పిక్క వాచినా, ఉన్నట్టుండి ఊపిరి అందకపోయినా గ్యాస్ అనుకుని సోడా తాగించే ఇళ్లలో ఈ మాట ముందే చెప్పి ఉంచడం అవసరం.

ఆహారం మెట్లుమెట్లుగా తిరిగి వస్తుంది. తొలి రోజుల్లో తేట ద్రవాలు, అంటే వడకట్టిన పప్పుకట్టు, పలుచని మజ్జిగ తేట, కొబ్బరినీళ్లు. తరువాత రెండు వారాల వరకు పాలు, ప్రోటీన్ పొడి కలిపిన మజ్జిగ, వడకట్టిన సూపులు. ఆ పైన మెత్తగా మెదిపిన పెసరపప్పు, గిలకొట్టిన పెరుగు, మెత్తగా ఉడికిన గుడ్డు. నెల దాటాక మెత్తని ఇడ్లీ, పనీర్, చేప. రెండవ నెల చివరికి నమిలి తినే మామూలు వంట. ఈ మెట్ల రోజుల లెక్క ఆస్పత్రినిబట్టి కొంత మారుతుంది. దినానికి 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్, లీటరున్నరకు తగ్గని నీరు లక్ష్యం. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల పనీర్‌లో పద్దెనిమిది గ్రాముల ప్రాంతంలో ప్రోటీన్ ఉంటుంది కనుక, గుప్పెడు పట్టని కడుపుతో ఆ లక్ష్యాన్ని అందుకోవడం పూర్తి శాకాహారికి లెక్క వేసుకుంటే తప్ప సాధ్యం కాదు. మీల్‌మేకర్, శనగలు, పెరుగు, పాలు ఆ లెక్కలో ముఖ్యమైనవి. నీటిని గుక్కగా తాగితే ఛాతీలో పట్టేసినట్టవుతుంది. సీసా పక్కన పెట్టుకుని రోజంతా చప్పరిస్తూ తాగవలసిందే.

తెలుగువారి భోజన పద్ధతికి ఈ నియమాలు నేరుగా ఎదురు పడేది ఇక్కడే. పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు అన్నవి ఏవైనా అన్నంలో కలిపి, ముద్ద చేసి, పెద్దగా నమలకుండా మింగి, నడుమ మంచినీళ్లు తాగడం తరతరాల అలవాటు. ఆపరేషన్ తరువాత ద్రవాన్నీ ఘనాన్నీ కలపకూడదు, భోజనానికి అరగంట ముందు, అరగంట తరువాత నీళ్లు తాగకూడదు. ఎందుకంటే నీళ్లు ఉన్న కొద్దిపాటి చోటును ఆక్రమిస్తాయి, లేదా తిన్నదాన్ని తొందరగా కిందికి తోసి తృప్తిని చెరిపివేస్తాయి. మెతుకు నీటిని పీల్చి ఉబ్బుతుంది, ముద్దగా గొట్టానికి అడ్డం పడుతుంది, అప్పుడు నోట్లో నురగలాంటి ఉమ్మి ఊరి వాంతి అయ్యేవరకు ఆ బాధ తగ్గదు. అందుకని విస్తరి క్రమం తలకిందులు కావాలి: ముందు గుడ్డు, చేప, పప్పు, పనీర్ వంటి ప్రోటీన్, తరువాత కూరగాయలు, ఆఖరున చోటు ఉంటే రెండు చెంచాల అన్నం. అన్నంలోకి కూర అన్న లెక్క పోయి కూరలోకి అన్నం అన్న లెక్క రావాలి. ఒక్కొక్క ముద్దను చెంచా ప్రమాణంలో తీసుకుని, నోట్లోనే పూర్తిగా మెత్తబడేదాకా నమిలి, ఇరవై ముప్పై నిమిషాలు తీరికగా తినడం ఆపరేషన్‌కు నెల ముందునుంచే సాధన చేస్తే, తరువాత వాంతులతో నేర్చుకోవలసిన పాఠం చాలావరకు తప్పుతుంది.

తీపి సంగతి వేరు. బైపాస్ చేయించుకున్నవారిలో పంచదార, బెల్లం పాకం ఆగకుండా నేరుగా చిన్నపేగులోకి దూకి అక్కడికి నీటిని లాగుతాయి. తిన్న అరగంటలోపే గుండెదడ, చెమట, కడుపులో మెలిపెట్టడం, విరేచనం వస్తాయి, దీన్ని డంపింగ్ అంటారు. రెండవ రకం డంపింగ్ గంట నుంచి మూడు గంటల తరువాత వస్తుంది: ఒక్కసారిగా పెరిగిన చక్కెరకు జవాబుగా ఇన్సులిన్ అవసరాన్ని మించి ఊరి, చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. అప్పుడు ఇంట్లోవారు తెచ్చిపెట్టే జిలేబీ ఆ క్షణానికి ఉపశమనం ఇచ్చినా మరుసటి పతనానికి పునాది వేస్తుంది. ప్రోటీన్‌తో కూడిన చిన్న చిన్న భోజనాలే దీనికి నిలకడైన మందు. అరిసె, బూరె ముక్క నోట పెట్టగానే ఒళ్లు హెచ్చరించడం కొందరికి మేలే చేస్తుంది గాని, ఈ హెచ్చరిక అందరికీ రాదు, స్లీవ్ చేయించుకున్నవారిలో తక్కువ.

కంటికి కనపడని లోట్లు

వెంటనే బాధించే వాంతి కంటే, బాధించకుండా పెరిగే పోషక లోపం ప్రమాదకరం. బి12 ఒంటబట్టాలంటే జీర్ణాశయ గోడల్లో ఊరే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ దానికి జతపడాలి. ఇనుము, కాల్షియం ప్రధానంగా పీల్చబడేవి ఆంత్రమూలంలో, ఆమ్లం సాయంతో. ఆ గోడలను కత్తిరించి, ఆ మూలాన్ని పక్కకు పెట్టి, ఆమ్లాన్ని తగ్గించిన తరువాత మాత్రలు జీవితాంతం తప్పవు. కాల్షియం దినానికి 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, రెండు మూడు విడతలుగా, ఆమ్లం అక్కరలేని సిట్రేట్ రూపంలో తీసుకోవాలి. ఇనుము మాత్రను దానికి కనీసం రెండు గంటల ఎడంలో, కాఫీ టీలకు దూరంగా వేసుకోవాలి, లేకుంటే ఒకదాన్ని ఒకటి అడ్డుకుంటాయి. బి12ను రోజూ మాత్రగానో, నెలకొక ఇంజెక్షన్‌గానో ఇస్తారు. బి12 నిల్వలు కాలేయంలో ఏళ్లకు సరిపడా ఉంటాయి కనుక, మాత్రలు మానినా ఏమీ కాలేదన్న ధైర్యం కొంతకాలం నిలుస్తుంది. అరికాళ్ల తిమ్మిరి, మతిమరుపు కనబడేసరికి నరాలకు నష్టం మొదలై ఉంటుంది.

బి1, అంటే థయామిన్, దీనికి విరుద్ధం. దాని నిల్వలు వారాల్లోనే అయిపోతాయి. పాలిష్ పట్టిన బియ్యం తినేచోట దీని లోపం బెరిబెరిగా ఒకప్పుడు ఉత్తర కోస్తా జిల్లాలను పీడించింది. ఆ జబ్బును శోధించడానికి 1918లో కూనూరులో మొదలైన చిన్న ప్రయోగశాలే పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి, తరువాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ పాత జబ్బు ఈ కొత్త శస్త్రచికిత్స తరువాత మళ్లీ కనిపిస్తోంది. ఆపరేషన్ అయినవారికి రోజుల తరబడి వాంతులు ఆగకపోతే, వస్తువులు రెండుగా కనబడితే, నడక తూలితే అది నీరసం కాదు, మెదడుకు థయామిన్ అందడం లేదన్న సూచన కావచ్చు. అలాంటివారికి థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ సీసా ఎక్కిస్తే మిగిలిన కొద్ది నిల్వ కూడా ఖర్చై మెదడుకు శాశ్వత హాని జరగవచ్చు. నీరసమనగానే గ్లూకోజ్ ఎక్కించడం ఊరూరా ఆచారంగా ఉన్నచోట ఈ ఒక్క మాటను రోగి కుటుంబం కాగితం మీద రాసుకుని, ఏ వైద్యుడి దగ్గరకు వెళ్లినా చూపించడం ప్రాణరక్షణతో సమానం.

జుట్టు రాలడం గురించి మాత్రం కంగారు ఎక్కువ, ప్రమాదం తక్కువ. మూడవ నెల నుంచి దువ్వెన నిండా వచ్చే వెంట్రుకలు వేగంగా బరువు తగ్గడానికి శరీరం ఇచ్చే జవాబు. ప్రోటీన్, ఇనుము సరిగా అందుతుంటే ఏడాదిలోపు చాలావరకు తిరిగి వస్తాయి. పిత్తాశయంలో రాళ్లు కూడా వేగంగా కరిగే కొవ్వు ఫలితమే కనుక, వాటిని నివారించే మాత్రలను ఆరు నెలలు ఇస్తారు. వేలాడే చర్మం వ్యాయామంతో పూర్తిగా బిగుసుకోదు. దాన్ని సరిచేసే ప్లాస్టిక్ సర్జరీని బరువు నిలకడకు వచ్చాకే చేస్తారు, దాని ఖర్చు సాధారణంగా బీమాలోకి రాదు.

పాత మందుల చీటీని మార్చడం మరింత తక్షణ విషయం. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటి చక్కెర మందులను మునుపటి మోతాదులోనే కొనసాగిస్తే, తిండి నాలుగో వంతుకు పడిపోయిన ఒంట్లో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. మూత్రం ఎక్కువగా పోయించే బీపీ మాత్రలు నీరు తక్కువైన శరీరాన్ని ఇంకా ఎండగడతాయి. మోకాళ్ల నొప్పులకు అలవాటుగా వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి బైపాస్ అతుకు దగ్గర పుండు పుట్టిస్తాయి, పొగతాగడం ఆ పుండును మాననివ్వదు. మందుల దుకాణంలో చీటీ లేకుండా నొప్పి మాత్ర కొనే అలవాటు ఈ రోగులకు ఇక చెల్లదు.

పిల్లలు కలగడం లేదని బాధపడిన పీసీఓడీ అనే అండాశయ సమస్య ఉన్న యువతుల్లో బరువు తగ్గగానే నెలసరి క్రమబద్ధమై గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది. సంతోషకరమైన ఈ మార్పు వేళ తప్పి వస్తే చిక్కు, ఎందుకంటే బరువు వేగంగా తగ్గే తొలి ఏడాది, ఏడాదిన్నర కాలంలో బిడ్డకు చాలినన్ని పోషకాలు తల్లి దగ్గర ఉండవు. బైపాస్ తరువాత గర్భనిరోధక మాత్రలు నమ్మకంగా పనిచేయకపోవచ్చు కనుక వేరే పద్ధతి ఎంచుకోవలసి ఉంటుంది. తరువాత గర్భిణిగా చక్కెర పరీక్షకు వెళ్లినప్పుడు గ్లూకోజ్ నీళ్లు తాగించే పద్ధతి డంపింగ్ తెస్తుంది కనుక ఆపరేషన్ సంగతి ముందే చెప్పాలి.

పదిమందిలో

పెళ్లిపందిట్లో ఇంకొంచెం వడ్డించకపోతే మర్యాద కాదనుకునే సమాజంలో, నాలుగు చెంచాలకే చాలుననేవారు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. ఆపరేషన్ చేయించుకున్నట్టు చెబితే కష్టపడకుండా తగ్గారన్న చులకన, చెప్పకపోతే ఏదో రోగం వచ్చిందన్న పుకారు. కనీసం ఇంట్లో ఉండేవారికి, వంట చేసేవారికి చెప్పడమే క్షేమం, ఎందుకంటే వాంతి ఎందుకు, మాత్రలు ఎందుకు అన్నది వారికి తెలియాలి. తిండిని ఓదార్పుగా వాడుకున్నవారికి ఆ ఓదార్పు ఒక్క రోజులో పోతుంది. ఆ ఖాళీలోకి కొందరికి మద్యం వస్తుంది. బైపాస్ తరువాత మద్యం వేగంగా రక్తంలోకి చేరి, తక్కువకే ఎక్కువ మత్తు ఇస్తుంది. అమెరికాలో వేలమందిని అనుసరించి 2012లో వెలువడిన అధ్యయనం రెండవ ఏడాది నుంచి మద్య వ్యసనం పెరిగినట్టు గుర్తించింది. ఆత్మహత్య ఆలోచనలు కూడా కొందరిలో పెరుగుతాయని తెలిసినందువల్లనే మంచి కేంద్రాలు ముందూ తరువాతా మానసిక నిపుణుడిని కలుపుతాయి. దాన్ని పిచ్చికి చూపించడంగా తీసుకుని తప్పించుకోవడం వల్ల నష్టపోయేది రోగే.

బరువు తగ్గడం ఏడాది, ఏడాదిన్నరకు ఆగిపోతుంది; సగటున మొత్తం బరువులో పావు వంతు, ముప్పై శాతం మధ్య పోతుంది. ఆ తరువాత కొన్ని కిలోలు తిరిగి రావడం మామూలే. స్వీడన్‌లో 1987లో మొదలై రెండు వేలమంది శస్త్రచికిత్స రోగులను అనుసరించిన సుదీర్ఘ అధ్యయనంలోనూ ఆ పెరుగుదల కనబడింది, అయినా చికిత్స పొందనివారితో పోలిస్తే మరణాలు తక్కువగానే నమోదయ్యాయి. పెరుగుదలకు కారణం చాలాసార్లు చిప్స్, ఐస్‌క్రీమ్, మిల్క్‌షేక్ వంటి మెత్తగా జారిపోయే తిండే. దాన్ని ఏ చిన్న కడుపూ ఆపలేదు. కండను నిలుపుకునే బరువుల వ్యాయామం వదిలేయడం మరొక కారణం. మూడో ఏడు వచ్చేసరికి చాలామంది వైద్యుని దగ్గరకు రావడం మానేస్తారు, బరువు పెరిగినవారు సిగ్గుతో ఇంకా ముందే మానేస్తారు; వారికే ఆ సందర్శన ఎక్కువ అవసరం, ఎందుకంటే ఎండోస్కోపీతో సంచి సాగిందా అని చూడడం, ఆకలి తగ్గించే కొత్త ఇంజెక్షన్లు కలపడం, కొందరికి స్లీవ్‌ను బైపాస్‌గా మార్చడం వంటి దారులు ఇప్పుడు ఉన్నాయి. ఏటా ఒకసారి రక్తపరీక్ష, బైపాస్ అయినవారికి ఎన్నేళ్ల తరువాతనైనా తెరలుతెరలుగా మెలిపెట్టే కడుపునొప్పి వస్తే పేగు మెలిక పడిందేమోనని వెంటనే సీటీ స్కాన్, ఏ రకం ఆపరేషన్ ఎప్పుడు జరిగిందో రాసిన డిశ్చార్జి కాగితం నకలు ఎప్పుడూ దగ్గర ఉండడం తప్పనిసరి: పదేళ్ల తరువాత అర్ధరాత్రి వేరే ఊరి ఆస్పత్రిలో చేరిన రోగికి అక్కడి డ్యూటీ డాక్టరు చికిత్స మొదలుపెట్టేది ఆ కాగితం చూసే.